రాతిలో తామర, రాతిలో తీగ: తెలుగునాట శిల్పాల్లోని మొక్కల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆలయానికో స్తూపానికో వెళ్లినవారు విగ్రహం ఎవరిదని అడుగుతారు గానీ, ఆ విగ్రహం నిలిచిన పువ్వు ఏమిటని, ద్వారబంధం మీదికి పాకిన తీగ ఏమిటని అడిగేవారు తక్కువ. అలా అడిగిన కొద్దిమంది ప్రశ్నలకు ఇక్కడ జవాబులు కూర్చాం. అమరావతి నుంచి ఆళ్లగడ్డ వరకు రెండు వేల ఏళ్లుగా సాగుతున్న పని గురించి చెప్పవలసి రావడం వల్ల కొన్ని జవాబులు పొడవుగా ఉన్నాయి. కొన్నింటికి నాలుగు వాక్యాలే సరిపోయాయి.

శిల్పంలో మొక్కలను అలంకారం కోసమే చెక్కారా?

అలంకారం ఒక కారణమే గానీ, అదొక్కటే కారణం కాదు. విగ్రహం కింద పద్మపీఠం ఉందంటే ఆ మూర్తి మట్టిని తాకకుండా నిలిచిందని అర్థం. బురదలో పుట్టి బురద అంటని పువ్వు కాబట్టే ఆ చోటు తామరకు దక్కింది. గర్భాలయ ద్వారానికి అటూ ఇటూ నిలువుగా సాగే చెక్కడపు పట్టీలను శిల్పులు ‘శాఖలు’ అంటారు. ద్వారం ఎంత ఘనమైనదో చెప్పడానికి త్రిశాఖ, పంచశాఖ, సప్తశాఖ అని లెక్కిస్తారు. శాఖ అంటే కొమ్మ. అంటే గుడి ద్వారాన్ని మన పూర్వులు రాతి చట్రంగా కాక, రెండు వైపులా కొమ్మలు పెరిగిన దారిగా ఊహించుకున్నారన్నమాట. తోరణం అన్న మాట కూడా ఇలాంటిదే. పండగనాడు గుమ్మానికి కట్టే మామిడాకుల వరుసా తోరణమే, ఓరుగల్లు కోటలో స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలిచిన రాతి కట్టడాలూ తోరణాలే. తెలంగాణ రాష్ట్ర చిహ్నంలోకి వచ్చిన ఆ కాకతీయ తోరణం దగ్గర నిలబడి తలెత్తి చూస్తే, తామర మొగ్గలు, మాలికలు, తీగలుగా మారిన తోకలతో పక్షులు కనిపిస్తాయి. గుమ్మానికి ఆకులు కట్టే అలవాటును రాతిలో శాశ్వతం చేసిన పని అది.

అమరావతి పలకల మీద గుండ్రంగా విప్పారిన పువ్వు తామరా, కలువా?

తామరే. ఈ రెండింటినీ మాటల్లో కలిపేయడం మనకు అలవాటైపోయింది గానీ, చెరువు గట్టున నిలబడి చూసినవారికి తేడా వెంటనే తెలుస్తుంది. తామరాకు గుండ్రంగా, చీలిక లేకుండా ఉంటుంది; కాడ ఆకు మధ్యలో అతుక్కుని దానిని నీటి పైకి ఎత్తి పట్టుకుంటుంది. కలువాకు అంచు నుంచి నడిమి దాకా చీలి ఉండి, నీటి మీద పరచుకుని ఉంటుంది. పువ్వు విషయానికి వస్తే, తామర మధ్యలో గరాటు ఆకారంలో గింజల బొడ్డు ఉంటుంది. దాని పైభాగం చదునుగా, గుంటలు గుంటలుగా కనిపిస్తుంది. కలువకు అది ఉండదు, దాని కాయ నీటి అడుగున పండుతుంది.

ఇప్పుడు అమరావతి స్తూపం చుట్టూ ఉండిన రాతి ప్రాకారపు స్తంభాన్ని చూడండి. నడుమ నిండు తామర, పైనా కిందా అర తామరలు, స్తంభాలను కలిపే అడ్డపట్టీల మీద మళ్లీ గుండ్రటి తామరలు. నిండు తామర మధ్యలో బొడ్డు, దాని చుట్టూ సన్నని గీతల వలయం, ఆ తరువాత రేకుల వరుసలు ఉంటాయి. ఆ సన్నని గీతలు కేసరాలు. రేకుల మధ్య ఈనె, రేకు కొన దగ్గర వచ్చే చిన్న మడత కూడా శిల్పి వదలలేదు. కొలబద్దతో వృత్తాన్ని భాగించి గీసిన పని అది, సందేహం లేదు. కానీ ఆ కొలతల వెనక కృష్ణ ఒడ్డు చెరువుల్లో పువ్వును చేతిలోకి తీసుకుని చూసిన మనిషి ఉన్నాడు. లేకపోతే కేసరాల వలయం అంత కచ్చితంగా వచ్చేది కాదు.

ఆ ప్రాకారం పైఅంచున అలలాగా సాగే లావుపాటి పూలదండ కూడా తప్పక చూడదగినది. మోసేవారి భుజాల దగ్గర దండ పైకి లేచి, నడుమ కిందికి వేలాడుతుంది. అది ఎంత బరువో చెప్పడానికి శిల్పికి మోసేవారి నడుము వంపు చాలింది.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర చిహ్నంలోని కుండకు, అమరావతి శిల్పానికి సంబంధం ఉందా?

ఉంది. అమరావతి స్తూపం పలకల మీద కనిపించే పూర్ణఘటమే దానికి మూలం. 2018లో చిహ్నాన్ని సవరించినప్పుడు అమరావతి శిల్పరీతిని మరింత దగ్గరగా అనుసరించారు. ఆ శిల్పంలో గుండ్రటి కుండ మూతి నుంచి తామర పూలు, మొగ్గలు, ఆకులు పొంగి పొర్లుతున్నట్లు ఉంటాయి. మన ఇళ్లలో కలశం మీద కొబ్బరికాయ, మామిడాకులు పెడతాం. స్తూపం దగ్గర అదే స్థానంలో తామర ఉంది. మొక్క మారింది గానీ, నిండిన నీటి నుంచి పచ్చదనం పైకి రావడమే శుభమన్న ఊహ మారలేదు. కొన్ని శతాబ్దాల తరువాత, బాదామి చాళుక్యుల కాలానికి చెందిన అలంపురం ఆలయాల్లో ఈ కుండ స్తంభంలోకే చేరింది. అక్కడి స్తంభాల మీద కుండ అంచుల నుంచి ఆకులు నాలుగు మూలలకూ జాలువారుతుంటే, ఆ స్తంభమే కుండలోంచి మొలిచిందన్న భావన కలుగుతుంది. బౌద్ధం నుంచి శైవానికి వచ్చినా శిల్పి చేతిలోని మొక్క అదే.

ఖాళీ ఆసనం మీద చెట్టును మాత్రమే చెక్కిన పలకలు ఉన్నాయి. దాని అర్థం ఏమిటి?

తొలి బౌద్ధ శిల్పంలో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపలేదు. జ్ఞానోదయాన్ని చెప్పడానికి ఆసనం, దాని పైన రావిచెట్టు చెక్కేవారు. బౌద్ధ సంప్రదాయంలో ఒక్కొక్క పూర్వ బుద్ధునికి ఒక్కొక్క బోధివృక్షం చెప్పారు: కాశ్యపునికి మర్రి, కనకమునికి మేడి, క్రకుచ్ఛందునికి దిరిసెన, గౌతమునికి రావి. కాబట్టి ఏ చెట్టో తెలియకపోతే ఏ బుద్ధుడో తెలియదు. మధ్యప్రదేశ్‌లోని భర్హుత్ స్తూపం దగ్గర ఇలాంటి చెట్ల పక్కన పేర్లు కూడా చెక్కారు. రావిని గుర్తుపట్టడం మాత్రం మనకు తేలిక. హృదయాకారపు ఆకు, చివర తోకలాగా సాగిన కొన. ఆకు కాడ పొడవుగా ఉండడం వల్లే చిన్న గాలికి కూడా రావాకు గలగలలాడుతుంది. మంచి శిల్పి అయితే ఆకులను ఒకే దిక్కుకు పేర్చకుండా కాస్త అటూ ఇటూ తిప్పి ఆ కదలికను సూచిస్తాడు.

రాయి మారితే పువ్వు కూడా మారుతుందా?

తప్పకుండా మారుతుంది, అసలు ఈ విషయం తెలియకుండా ఏ శిల్పాన్నీ సరిగా అంచనా వేయలేం. అమరావతి, నాగార్జునకొండ, జగ్గయ్యపేట శిల్పులకు దొరికినది పల్నాడు సున్నపురాయి. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న ఆ రాయి మెత్తనిది, దాని రేణువు సన్ననిది. ఉలిని ఏటవాలుగా పట్టి తేలికగా కొడితే పొరలాగా లేస్తుంది. అందుకే అక్కడి తామర రేకుల అంచులు కాగితంలా పలచగా ఉంటాయి, ఒకదాని కిందికి ఒకటి దూరిన రేకులు కూడా విడివిడిగా కనిపిస్తాయి, ఒకే పలక మీద పదుల సంఖ్యలో మనుషులూ చెట్లూ ఇమిడిపోతారు.

గ్రానైట్ అలా లొంగదు. అది వేర్వేరు ఖనిజాల పలుకులు ఒకదానితో ఒకటి బిగుసుకున్న రాయి. పలుకులు కంటికి కనిపించేంత పెద్దవి, పైగా ఒక్కొక్కదాని గట్టిదనం ఒక్కొక్క రకం. రేకు అంచును పలచగా తీయబోతే పలుకు ఊడి అంచు విరుగుతుంది. అందుకే రాయలసీమలోని విజయనగర కాలపు మండపాల్లో రేకులు వెడల్పుగా, ఉబ్బుగా, తక్కువ లోతుతో ఉంటాయి. ఇది చేతకానితనం కాదు, రాయి పెట్టిన షరతు. అమరావతి చూసి వచ్చి లేపాక్షి స్తంభాలను ‘మొరటుగా ఉన్నాయి’ అనేవారిని చూస్తుంటాం. సున్నపురాయి మీద పనికి కొలిచే కొలతతో గ్రానైట్‌ను కొలవడం న్యాయం కాదు.

కాకతీయులు మరో దారి పట్టారు. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప ఆలయంలో గోడలకు ఎర్రని ఇసుకరాయి, స్తంభాలకూ, చూరు కింద నిలిచిన స్త్రీమూర్తులైన మదనికలకూ నల్లని డోలరైట్ వాడారు. డోలరైట్ గ్రానైట్ అంత గట్టిది, కానీ రేణువు చాలా సన్ననిది. చెక్కడానికి గ్రానైట్‌కు ఎంత ఓపిక కావాలో దీనికీ అంతే కావాలి, చెక్కిన తరువాత మాత్రం అంచు నిలుస్తుంది, నునుపు పెడితే అద్దంలా మెరుస్తుంది. రామప్పలో స్తంభాల మీది లతల వెనక భాగాన్ని కూడా తొలిచి, తీగ రాతికి అంటకుండా గాలిలో ఉన్నట్లు చూపగలిగారంటే, శిల్పి నైపుణ్యంతో పాటు రాయి ఎంపిక కూడా కారణమే.

గుడి భాగాల పేర్లలో మొక్కలు ఎందుకు ఇన్ని ఉన్నాయి?

ఎందుకంటే రాయికి ముందు గుళ్లు చెక్కతో, వెదురుతో, ఆకులతో కట్టేవారు. పశ్చిమ గోదావరి ప్రాంతపు గుంటుపల్లి గుహ ముఖద్వారంలో చెక్క దూలాలను రాతిలో నకలు చేసిన తీరు ఇప్పటికీ చూడవచ్చు. పేర్లు మాత్రం మొక్కల నుంచే మిగిలిపోయాయి. అధిష్ఠానంలో, అంటే గుడి పునాది పైన కనిపించే వరుసల్లో, ఒక వరుస పేరు పద్మం, మరొక దాని పేరు కుముదం. పద్మం పగలు వికసించే తామర, కుముదం రాత్రి వికసించే కలువ. సూర్యుని చూసి విచ్చేదీ చంద్రుని చూసి విచ్చేదీ ఒకే పునాదిలో ఉన్నాయన్నది మన కవులకు బాగా నచ్చే విషయమే గానీ, గుడి చుట్టూ ప్రదక్షిణ చేసేటప్పుడు మోకాలి ఎత్తున ఉన్న ఆ వరుసలను ఎవరూ చూడరు.

తలెత్తితే ఆమలకం కనిపిస్తుంది. అలంపురంలోనూ, శ్రీకాకుళం జిల్లా ముఖలింగంలోనూ ఉన్నట్లు ఉత్తరాది పద్ధతిలో ఎత్తుగా లేచిన శిఖరం మీద, కలశానికి కింద, నిలువు గాడులతో బల్లపరుపుగా ఉండే పెద్ద రాతి చక్రమది. ఆమలకమంటే ఉసిరి. ఉసిరికాయను చేతిలోకి తీసుకుంటే దాని మీద ఆరు గీతలు కనిపిస్తాయి. రాతి ఆమలకంలో ఆ గీతలు ఎన్నో రెట్లయ్యాయి. కార్తికంలో ఉసిరిచెట్టు కింద వనభోజనం చేసే వారికి ఆ కాయ శిఖరాన ఎందుకుందో వేరే చెప్పనవసరం లేదు.

విజయనగర స్తంభాల మీద నుంచి తలకిందులుగా వేలాడేది తామర మొగ్గా, అరటిపువ్వా?

దూలాన్ని మోసే ఆ భాగాన్ని పోతిక అంటారు; చివర పువ్వు ఉంటే పుష్పపోతిక. శాస్త్ర పరిభాషలో అది పుష్పమే, ఫలానా పువ్వు అని కాదు. తమిళ స్థపతులు దానిని అరటిపువ్వు పేరుతో పిలుస్తారు. ఆకారం చూసినా అరటిపువ్వు వైపే మొగ్గు కనిపిస్తుంది: తామర మొగ్గ సహజంగా పైకి చూస్తుంది, అరటిపువ్వు గెల చివర కిందికి వేలాడుతుంది, పైనున్న డొప్పలు ఒక్కొక్కటిగా వెనక్కి విచ్చుకుంటూ కొన మాత్రం మొనదేలి మూసుకునే ఉంటుంది. లేపాక్షిలోనూ తాడిపత్రిలోనూ పోతికలను దగ్గర నుంచి చూసి, తరువాత పెరట్లో అరటిపువ్వును చూడండి. మధ్యలో తామర రేకులు కూడా కలిశాయన్నది నిజమే. పోతికను ఏ ఒక్క మొక్కకో అంటగట్టడం కన్నా, బరువు కిందికి దిగే చోట వేలాడే పువ్వును పెట్టాలన్న ఆలోచనను గమనించడం మేలని మా అభిప్రాయం.

రామప్ప ఆలయంలో చెట్లు, పూలు ఎక్కడెక్కడ చూడాలి?

కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ ఆలయ శాసనం 1213 నాటిది; 2021లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వచ్చినవారు నేరుగా మదనికల దగ్గరికి వెళతారు, అది సహజం. అక్కడ కూడా స్త్రీమూర్తి తల పైన చూరులాగా కమ్ముకున్న ఆకుల గుబురును చూడడం మరచిపోవద్దు. చెట్టు కొమ్మను పట్టుకుని నిలిచిన స్త్రీని సాలభంజిక అనడం బౌద్ధుల కాలం నాటి సంప్రదాయం. ఆమె పాదం తాకితే చెట్టు పూస్తుందన్న నమ్మకం అశోకవృక్షం విషయంలో కావ్యాల నిండా ఉంది. రామప్పకు వచ్చేసరికి స్త్రీ పెద్దదై చెట్టు గొడుగులా మిగిలింది. లోపల గర్భాలయ ద్వారం దగ్గర కృష్ణుడు, గోపికలు ఉన్న పొన్నచెట్టును చూపి, రాయిని వేలితో మీటి స్వరాలు వినిపించడం అక్కడి మార్గదర్శకులకు అలవాటు. దయచేసి మీరు మీటవద్దు. ఎనిమిది వందల ఏళ్ల రాయి మీద రోజూ ఇన్ని వేళ్లు పడడం మంచిది కాదు.

లేపాక్షి స్తంభాల మీది లతలు చీరల అంచుల్లోకి వచ్చాయంటారు. నిజమేనా?

నిజమే. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయంలో లతామండపం స్తంభాల ముఖాల మీద తీగ, ఆకు, పువ్వు, హంస కలిసిన నమూనాలు ఒకదాని వెంట ఒకటి ఉన్నాయి. చేనేత డిజైనర్లు, అద్దకం పనివారు వాటిని గీసుకుని వెళ్లడం చాలా కాలంగా ఉంది. అయితే మార్గం ఒకవైపే సాగలేదు. ఆ నమూనాల్లో చాలావరకు చతురస్రంలో ఇమిడి, నాలుగు వైపులా మళ్లీ మళ్లీ కలిసేలా ఉన్నాయి. అది మగ్గం మీద, ముగ్గులో సహజంగా వచ్చే లక్షణం. రాతికి ఆ నిర్బంధం లేదు. పైకప్పు మీది చిత్రాల్లో మనుషులు కట్టుకున్న చీరల మీద కూడా ఇలాంటి పూలే ఉన్నాయి. కాబట్టి బట్ట నుంచి రాతికి వెళ్లిన నమూనా ఇప్పుడు రాతి నుంచి బట్టకు తిరిగి వస్తోందని అనుకోవడమే ఎక్కువ సబబుగా ఉంది. ధనుర్మాసంలో ముంగిట తామర ముగ్గు వేసి మధ్యలో గుమ్మడి పువ్వు పెట్టే చేతులకు ఈ స్తంభాలు కొత్తగా అనిపించవు.

లేపాక్షిలో అసంపూర్తిగా ఆగిన కల్యాణమండపాన్ని కూడా ఓపికగా చూడాలి. పూర్తయిన శిల్పం పని జరిగిన క్రమాన్ని దాచేస్తుంది; సగంలో ఆగినదే రాయిని ముందు ఎంత మేరకు దించారో, తరువాత దేనిని తీశారో చెబుతుంది.

శిల్పశాస్త్రం కొలతలు చెబుతుంటే శిల్పికి స్వేచ్ఛ ఎక్కడ మిగులుతుంది?

మూర్తికి తాళమానం, అంటే అవయవాల నిష్పత్తి లెక్క ఉంది, అధిష్ఠానానికి భాగాల లెక్క ఉంది. మయమతం, మానసారం వంటి గ్రంథాలు ఆ లెక్కలే చెబుతాయి. కానీ తీగ ఎన్ని వంపులు తిరగాలో, ఏ వంపులో ఆకు, ఏ వంపులో పిందె రావాలో శాస్త్రం శిల్పికే వదిలింది. ఇచ్చిన వెడల్పులో తీగ నిండాలి, ఎక్కడా తెగినట్లు కనబడకూడదు, ఆకు పుట్టిన చోట కణుపు ఉండాలి. ఈ మూడో విషయంలోనే నేటి పనిలో లోపం ఎక్కువగా కనిపిస్తోంది. కంప్యూటర్‌లో గీసిన లతల్లో ఆకు తీగ మధ్యలో ఎక్కడపడితే అక్కడ అతికించినట్లు ఉంటుంది. మొక్క అలా పెరగదు. తీగ కణుపు దగ్గర ఆగి, ఆకు వేసి, కాస్త పక్కకు తిరిగి మళ్లీ సాగుతుంది. పాత శిల్పాల్లోని వంపు ఆ తిరుగుడు నుంచే వచ్చింది. ఉలి పనితనం మన దగ్గర తగ్గలేదు, తగ్గినది మొక్కను చూసే అలవాటు.

ఈ పని ఇప్పుడు ఎక్కడ జరుగుతోంది, ఎవరు చేస్తున్నారు?

పల్నాడు జిల్లాలో మాచర్లకు దగ్గరగా ఉన్న దుర్గి, నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ ప్రధాన కేంద్రాలు. దుర్గి శిల్పానికి, ఆళ్లగడ్డ శిల్పానికి రెండింటికీ భౌగోళిక గుర్తింపు లభించింది. దుర్గిలో స్థానికంగా దొరికే మెత్తని సున్నపురాయి మీద పని ఎక్కువ; అమరావతి శిల్పులు వాడిన రాతికి అది చుట్టమే. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే సంప్రదాయ శిల్ప కళాశాల ఉంది. సంప్రదాయంగా ఈ వృత్తి విశ్వబ్రాహ్మణుల ఐదు శాఖల్లో కాసెవారిది. నేడు ఇతర కులాల యువకులు కూడా నేర్చుకుని చేస్తున్నారు. గనిలో బండను చీల్చి తెచ్చే పని వడ్డెరలది. వారి పేరు ఏ శిల్పం కిందా ఉండదు గానీ, బండలో బీట ఉందో లేదో ముందు పసిగట్టేది వారే. పెద్ద పనుల విషయానికి వస్తే, 2022లో పునఃప్రారంభమైన యాదగిరిగుట్ట ఆలయాన్ని కృష్ణశిల అనే నల్లరాయితో కట్టారు.

యంత్రంతో చెక్కిన పువ్వుకూ చేత్తో చెక్కిన పువ్వుకూ తేడా తెలుస్తుందా?

వెలుతురు పక్క నుంచి పడేటట్లు చూస్తే తెలుస్తుంది. యంత్రం చెక్కిన రేకు లోపలి భాగం ఒకే లోతుతో, అన్ని రేకుల్లోనూ ఒకేలా ఉంటుంది; గుండ్రని మొన తిరిగిన చోట గాడి మూలలు మొద్దుబారి ఉంటాయి. చేతి పనిలో రేకుల మధ్య గాడి ఉలి మొనలా పదునుగా దిగుతుంది, పక్కపక్క రేకుల్లో సన్నని తేడా ఉంటుంది. బండను కోయడానికి, ముతక భాగాన్ని తీసివేయడానికి గ్రైండర్ వాడడాన్ని తప్పు పట్టవలసిన పని లేదు. రోజుల తరబడి పడే శ్రమ గంటల్లోకి వస్తుంది. చివరి పొర మాత్రం ఉలికి వదిలితే పువ్వు బతుకుతుంది.

రాతి దుమ్ము ప్రమాదకరమా?

చాలా ప్రమాదకరం. గ్రానైట్‌లోనూ ఇసుకరాయిలోనూ క్వార్ట్జ్ ఎక్కువ. దాని సన్నని ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే వ్యాధిని కలిగిస్తుంది, ఒకసారి వస్తే అది నయం కాదు. ఉలితో పనిచేసిన రోజుల కన్నా గ్రైండర్ వచ్చాక ధూళి మరింత సన్నగా, మరింత ఎక్కువగా లేస్తోంది. ముఖానికి కట్టుకునే తువ్వాలు ఆ ధూళిని ఆపదు. కోసే చోట నీరు పడుతూ ఉండాలి, సన్నని ధూళిని ఆపే మాస్కు ఉండాలి, పని ఆరుబయట జరగాలి. శిల్పం చేయించుకునేవారు ధరతో పాటు ఈ ఏర్పాటు గురించి కూడా అడిగితే, దానికయ్యే ఖర్చు శిల్పి ఒక్కడి మీదే పడకుండా ఉంటుంది.

ఇంటికి రాతి తామర గానీ తులసికోట గానీ చేయించుకోవాలంటే ఏం అడగాలి?

మొదట అది ఎండవానల్లో ఉంటుందా, ఇంట్లో ఉంటుందా అన్నది చెప్పండి. బయట ఉండేదానికి గ్రానైట్, కృష్ణశిల మేలు. సున్నపురాయి వానకు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కరిగి అంచులు మొద్దుబారుతాయి. బండను చిన్న సుత్తితో తట్టించి వినండి. గంటలా ఖంగుమంటే లోపల బీటలు లేవని, బొద్దుగా మోగితే అనుమానించాలని శిల్పులు చెబుతారు. రాళ్లను నాదాన్ని బట్టి పుంశిల, స్త్రీశిల, నపుంసక శిల అని విడదీసిన పాత పద్ధతికి మూలం కూడా ఈ పరీక్షే. రేకుల సంఖ్య ముందే మాట్లాడుకోండి. ఎనిమిది, పదహారు, ముప్పై రెండు అన్నవి వృత్తాన్ని సగం సగంగా భాగిస్తే వచ్చే లెక్కలు కాబట్టి అవే వాడుకలో ఉన్నాయి. ఫోన్‌లో బొమ్మ చూపించి ‘ఇలాగే కావాలి’ అనడం కన్నా, ఒక నిజమైన తామరను తీసుకెళ్లి ఇవ్వండి. కొందరు శిల్పులు నవ్వుతారు. కొందరు ఆ పువ్వును పక్కన పెట్టుకునే పని మొదలుపెడతారు. పని అప్పగించవలసింది అలాంటివారికే.

రాతి శిల్పాన్ని ఎలా శుభ్రం చేయాలి?

మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, మంచినీటితో తుడవడం చాలు. సున్నపురాయికి, పాలరాయికి నిమ్మరసం, చింతపండు, ఆమ్లం కలిసిన ద్రావకాలు ఎట్టి పరిస్థితుల్లోనూ తగలకూడదు; ఆమ్లం తగిలితే రాయి పొంగి కరుగుతుంది. ఇత్తడి చెంబును చింతపండుతో తోమిన చేత్తోనే పక్కనున్న రాతి దీపాన్నీ తోమడం ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు. పురాతన శిల్పాల మీద నూనె, పసుపు, కుంకుమ పూయడం వద్దని మళ్లీ చెప్పవలసి వస్తోంది.

తంగేడు, మోదుగ, జమ్మి వంటి మన మొక్కలు పాత శిల్పాల్లో ఎందుకు అరుదు? ఇప్పుడు చెక్కవచ్చా?

పాత శిల్పి మొక్కను ఎంచుకున్నప్పుడు దాని పవిత్రతతో పాటు దాని ఆకారం రాతికి లొంగుతుందా అని కూడా చూశాడు. తామరకు పెద్ద రేకులు, స్పష్టమైన మధ్యభాగం, ఏ వైపు నుంచి చూసినా కుదిరే గుండ్రదనం ఉన్నాయి. జమ్మి ఆకు చాలా చిన్నది. దానిని గ్రానైట్‌లో చెక్కబోతే గరుకుదనం తప్ప మరేమీ మిగలదు. తులసిని చెక్కే బదులు రాతి కోట కట్టి మొక్కనే నాటారు, అంతకన్నా తెలివైన పరిష్కారం లేదు.

కొత్తగా చెక్కడానికి అడ్డేమీ లేదు. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడుకు ఐదు రేకులు, ముందుకు వంగిన పొడవాటి కేసరాలు, పక్కనే బల్లపరుపు కాయలు ఉంటాయి. పువ్వు ఒక్కటే అయితే చిన్నది గానీ, గుత్తిగా, కాయలతో కలిపి చూస్తే పట్టీకి బాగా ఒదుగుతుంది. మోదుగ మరింత అనువైనది, ఎందుకంటే చిలకముక్కులాంటి దాని పువ్వులోని వంపు పాత మకరతోరణాల వంపుకు దగ్గరగా ఉంటుంది. గునుగు మాత్రం కష్టం, ఆ మెత్తని కంకిని రాతిలో చూపబోయి మొక్కజొన్న పొత్తు చేసినవారు ఉన్నారు. బతుకమ్మను పేర్చే పద్ధతిలో, అంటే వలయాల మీద వలయాలుగా సన్నబడే తీరులో, చిన్న రాతి శిఖరం చేయాలని ఎవరైనా అనుకుంటే ఆ ప్రయత్నాన్ని మేము ఆసక్తితో చూస్తాం.

అసలు అమరావతి శిల్పాలు ఇప్పుడు ఎక్కడున్నాయి?

కొన్ని అమరావతి పురావస్తు ప్రదర్శనశాలలో, ఎక్కువ భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ చూసేనాటికే స్తూపపు దిబ్బను తవ్వి రాళ్లను కట్టడాలకు తరలించడం మొదలైంది. చాలా పలకలను కాల్చి సున్నం చేశారు. 1816లో మెకంజీ బృందం గీసిన చిత్రాలు, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి తీసిన పలకలు లేకపోతే మనకు దక్కేది ఇంకా తక్కువ. నాగార్జునసాగర్ నీటిలో మునగక ముందు, 1954 నుంచి 1960 వరకు తవ్వి తీసిన నాగార్జునకొండ శిల్పాలను జలాశయం నడుమనున్న ద్వీపంలోని మ్యూజియంలో చూడవచ్చు. లాంచీ వేళలు ముందే కనుక్కుని వెళ్లండి.

చెక్కడం నేర్చుకోవాలనుకునేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉలితో కాదు, పెన్సిలుతో. దగ్గరలో తామర చెరువు ఉంటే తెల్లవారగానే వెళ్లి ఒకే పువ్వును వరుసగా నాలుగు రోజులు గీయండి. మొదటి రోజు మొగ్గ కాస్త విచ్చి మళ్లీ ముడుచుకుంటుంది, తరువాతి రోజుల్లో పూర్తిగా విప్పారుతుంది, ఆపైన రేకులు ఒక్కొక్కటిగా రాలడం మొదలవుతుంది. అన్నీ రాలాక కాడ మీద గుంటలున్న బొడ్డు ఒక్కటే మిగులుతుంది. దానినీ గీయండి. ఆ కాగితాలు తీసుకుని అమరావతి మ్యూజియంకు వెళ్లి, ప్రాకారపు స్తంభం ముందు నేల మీద కూర్చుని, నడిమి పువ్వును మధ్య నుంచి అంచుకు గీసుకుంటూ రండి. ఆ తరువాత దుర్గిలోనో ఆళ్లగడ్డలోనో ఒక శిల్పిని అడిగితే మెత్తని సున్నపురాయి ముక్క, పాత ఉలి దొరుకుతాయి. మొదటి రేకు విరుగుతుంది. రెండో రాయి కూడా అడిగి తెచ్చుకోండి.